గోల్కొండలో చప్పట్లు

గోల్కొండ కోట ముందు టికెట్ల లైను మైలు పొడవుంది గానీ అందులో ఒక్క మనిషీ లేడు. అందరూ ఇళ్ల నుంచి పంపిన నీడలే. చూస్తే అచ్చం మనుషులే, ముట్టుకుంటే గాలి. బక్కన్న తాత మనవలిద్దరి నీడలూ పొద్దున్నే నిలబడి టికెట్లు తీశాయి. అప్పుడే బక్కన్నకు అనుమానం పుట్టింది. ఏడాదికి ఒక్కరోజు తాతతో తిరుగుతామన్న పిల్లలు, లైనులోకి నీడలను తోలినవాళ్లు, తన పక్కన మాత్రం నిజంగా నడుస్తున్నారా? పట్టి చూద్దామంటే పదిహేనేళ్ల వయసు, చెయ్యి వేస్తే విదిలించుకుంటారు.

“గుమ్మటం కింద నిలబడి చప్పట్లు కొట్టుండ్రి. నేను కొండెక్కి వింట,” అన్నాడు. నీడ చేతులకు చప్పుడు రాదు మరి.

కాసేపటికి రెండు జతల చప్పట్లు తాత చెవిలో టపటపా మోగాయి. నిజంగానే వచ్చారు! కళ్లు తుడుచుకున్నాడు.

ఫోనులో మనవరాలు మౌల్య అంది: “తాతా, ఇప్పుడు నువ్వు కొట్టు. పైన ఉన్నది నువ్వేనని మాకేం నమ్మకం?”

ఇరవయ్యో మెట్టు మీద కూలబడి, తన నీడను కొండ మీదికి పంపి దాని చెవులతో వింటున్న బక్కన్న గొంతు సవరించుకున్నాడు.

“నవాబుల కాలం నుంచి పైనోళ్లు చప్పట్లు కొట్టే ఆచారం లేదు బిడ్డా.”

“అట్లనా?”

ఆ మాట ఫోనులోంచి రాలేదు, వీపు వెనక నుంచి వచ్చింది. భుజం మీద చెయ్యి పడింది. వెచ్చగా ఉంది.