ఊదండి సార్

“ఊదండి సార్,” అంటూ మా సీనియర్ చేతికి మీటరు అందించాను. మెడికల్ కాలేజీ హాలు కిక్కిరిసి ఉంది. ఊపిరిలో సిగరెట్ విషం ఉంటే ఆ మీటరులో ఎర్ర దీపం వెలుగుతుంది.

ప్రొఫెసర్లందరి ముందు అతని పరువు తీయాలనే ఈ పొగాకు వ్యతిరేక సభ పెట్టించాను. మొదటి ఏడాది నన్ను శవాల గది గుమ్మంలో నిలబెట్టి, “ఈ వాసనకి ఇదే మందురా, పీల్చు!” అని నా నోట్లో మొదటి సిగరెట్ కుక్కింది అతనే. పొలమారి నేను గిలగిల్లాడుతుంటే, తను గుప్పుగుప్పున పొగ వదులుతూ పడీపడీ నవ్వాడు. ఇప్పటికీ క్యాంటీన్ వెనక అతని నోట్లో సిగరెట్ ఆరదు.

అతను ఊదాడు. పచ్చ దీపం!

“మీటరు పాడైపోయింది!” అని అరిచాను. ఒళ్లు తెలియని కోపంలో దాన్ని లాక్కుని నేనే ఊదాను.

ఎర్ర దీపం భగ్గుమంది. హాలంతా గొల్లుమంది.

సీనియర్ మాత్రం నవ్వలేదు. నా చెవి దగ్గరికి వంగి మెల్లగా అన్నాడు:

“నేనెప్పుడూ పొగ లోపలికి తీసుకోలేదురా. మీ ముందు గొప్పకి నోట్లో పెట్టుకుని ఊదేసేవాణ్ణి. పిచ్చోడా, నువ్వు నిజంగానే పీల్చావా?”