మైకు మూగబోయిన వారం

“ఫ్రిజ్జు ప్లగ్గులో పెట్టి చూడవే,” అంది తల్లి వంటగదిలోంచి.

“పెట్టానమ్మా. ఫ్రిజ్జు బాగానే నడుస్తోంది. ట్యాబే నడవట్లేదు.”

కూతురు చార్జరు మార్చింది. కేబులు మార్చింది. ఆఫీసులో పక్క సీటాయన చెప్పినట్టు రెండు బటన్లూ కలిపి అరనిమిషం నొక్కి పట్టుకుంది. ట్యాబు నల్లగా, బండలా అలాగే ఉంది.

ఆ ఇంట్లో డిగ్రీ చదివింది ఆమె ఒక్కతే. అందుకే ఇంట్లో అందరికీ ఆమె పంతులమ్మ. మిక్సీ మొరాయించినా, ఫోను మూగబోయినా ఆమె నెత్తినే పడేది. ఇన్నాళ్లూ ఏదో ఒకటి చేసి పరువు నిలబెట్టుకుంది. ఈసారి మాత్రం మూడు రోజులుగా ఆమె పప్పులు ఉడకడం లేదు.

మంచం మీద దిండుకు ఆనుకుని తండ్రి ఆమె చేతులనే చూస్తున్నాడు.

కూరగాయల మార్కెట్లో ముప్పై ఏళ్లు వేలం పాడిన గొంతు ఆయనది. మైకు అక్కర్లేని మనిషని మార్కెట్టంతా ఆయన్నే మైకు అని పిలిచేది. ఎనిమిది నెలల కిందట పక్షవాతం వచ్చి కుడిచెయ్యీ, మాటా రెండూ పోయాయి. ఆసుపత్రివాళ్లు ఈ ట్యాబు ఇచ్చారు. అందులో బొమ్మ నొక్కితే, “నాకు మంచినీళ్లు కావాలి” అని ఎవరో అమ్మాయి గొంతు పలుకుతుంది. చూడవచ్చిన మార్కెట్ వాళ్లు మొదటిసారి అది విని నవ్వాపుకోలేకపోయారు. “మైకులో ఆడగొంతు వస్తోందేంటి బావా?” అన్నాడొకడు. ఆయనా నవ్వాడు, సగం మూతితో.

ఎవరి గొంతైతేనేం, ఆయన ఆకలీ నొప్పీ విసుగూ దాంట్లోంచే బయటికొచ్చేవి. అది పనిచెయ్యకపోతే ఆయనకు నోరు లేనట్టే. సోమవారం నుంచీ నీళ్లు కావాలన్నా గ్లాసు కేసి చూడటమే.

“నీకసలు పట్టినట్టే లేదమ్మా,” అంది పంతులమ్మ.

“పట్టకేం. ముప్పై ఆరేళ్ల కాపురం. ఆయన కళ్లు చూస్తే నాకు తెలుస్తుంది.”

“తెలిసే నిన్న నడుం నొప్పికి కడుపునొప్పి మాత్ర వేశావు.”

తల్లి గరిటె రెండుసార్లు తిప్పింది. “మాట నేర్పే మేడమ్ ఏమందో మర్చిపోయావా? పనంతా ఇది చేసి పెడుతుంటే ఆయన నాలుక పడుకుంటుంది అంది. పోతే పోయిందిలే.”

“పడుకున్న నాలుక లేచేదాకా మనిషి పస్తుండాలా?”

మర్నాడు ఆఫీసులో గంటసేపు పర్మిషన్ అడిగి, ట్యాబు పట్టుకుని రిపేరు షాపుకి వెళ్లింది. మెకానిక్ కంటికి భూతద్దం తగిలించుకున్నాడు.

“కింద పడిందా?”

“లేదండీ.”

“తడిసిందా?”

“లేదు.”

“ఇంట్లో చిన్నపిల్లలున్నారా?”

“అమ్మా నాన్నా నేనూ. అందరికంటే చిన్నదాన్ని నేనే.”

మెకానిక్ సన్నటి పట్టకారుతో చార్జింగ్ కన్నంలోంచి బియ్యపుగింజంత దూది ఉండ ఒకటి లాగి బల్ల మీద పెట్టాడు. “ఇదండీ సంగతి. పిన్ను సగమే దిగుతోంది. చూసుకోలేదా?”

పంతులమ్మకి తల కొట్టేసినట్టయింది. “మా అమ్మ మంచం పక్కనే దూది కట్ట పెట్టుకుని రోజూ దీన్ని తుడుస్తుందండీ. అలా చేరి ఉంటుంది.”

“తుడిస్తే పోగులు చేరతాయమ్మా. ఇది ఎవరో శ్రద్ధగా ఉండచేసి కూరింది.”

పిన్ను పెట్టగానే తెర మీద ఆకుపచ్చ గీత వెలిగింది. ఆమె గుండెల మీంచి బండ దిగింది. ఇంటికి నడుస్తుంటే ఆ బండ స్థానంలో తల్లి మీద కోపం ఎక్కి కూర్చుంది.

ఇంట్లోకి వచ్చేసరికి తల్లి ఆయనకు అన్నం పెడుతోంది. పంతులమ్మ ట్యాబు మంచం మీద పెట్టి, దూది ఉండ కట్టి తెచ్చిన కాగితం పొట్లం విప్పి చూపించింది. “ఇదేంటమ్మా?”

“దూది.”

“నువ్వే కదా కూరావు?”

“నేనా? దానికి కన్నం ఎక్కడుందో కూడా నాకు తెలీదే.”

“మేడమ్ మాట పట్టుకుని చేశావు. నాలుగు రోజులు ఆయన పడ్డ అవస్థ...”

“నీ మీద ఒట్టు...”

“ఉ...”

ఇద్దరూ తిరిగి చూశారు. తండ్రి నోట్లో ముద్ద పెట్టుకుని మొహం చిట్లించాడు. పంతులమ్మ అలవాటు కొద్దీ ట్యాబు అందించబోయింది. ఆయన ఎడమచేత్తో దాన్ని పక్కకి నెట్టేశాడు. మెడనరాలు ఉబ్బాయి.

“ఉ... ఉప్... పు.”

తల్లి చేతిలో ముద్ద గాల్లోనే ఆగిపోయింది. “ఏంటండీ?”

వేలంలో రెండోసారి పిలిచినట్టు, ఈసారి ఇంకాస్త గట్టిగా అన్నాడు. “ఉప్పు.”

తల్లి కూర కొంచెం నాలిక మీద వేసుకుని చూసింది. “నా మతిమండ, వెయ్యనేలేదు,” అంటూ నవ్వింది. నవ్వుతూనే కొంగుతో కళ్లు ఒత్తుకుంది. పంతులమ్మ వెంటనే మేడమ్‌కి ఫోను చేసి చెప్పింది. విన్నాక మేడమ్, “ఒక్కటి వచ్చిందంటే మిగతావి దాని వెనకే వస్తాయి,” అంది.

“నువ్వు చేసిందే మంచిదైంది లేమ్మా,” అంది పంతులమ్మ, మళ్లీ ఆఫీసుకు బయల్దేరి చెప్పులు వేసుకుంటూ.

“చెయ్యలేదంటే వినవేమే!”

“సరే సరే, చెయ్యలేదు.”

తల్లి గొణుక్కుంటూ ఉప్పు కోసం వంటగదిలోకి వెళ్లింది. వీధి దాకా వెళ్లిన పంతులమ్మకు హ్యాండ్‌బ్యాగు గుర్తొచ్చింది. వెనక్కి వచ్చి, గది గుమ్మంలోనే ఆగిపోయింది. ట్యాబు తండ్రి ఒళ్లో ఉంది.

ఎడమచేత్తో అందులోకి దూది కూరుతున్నాడు.