పూచీ ఎవరిది

కుర్మయ్య ముప్ఫయ్యో అంతస్తు అంచున గోడకు సిమెంటు పూస్తుండగా గాలి జోరందుకుంది. నడుం బెల్టు ఇనుప కడ్డీకి బిగుసుకుపోయింది. ఈ కాలపు సైటు బెల్టులు అపాయాన్ని పసిగట్టి మనిషిని పట్టేస్తాయి. ఎవరైనా నోరు తెరిచి "పూచీ నాది" అంటే అతణ్ణి వదిలి, ఆ మాట అన్నవాళ్లను వాళ్ల నడుం బెల్టుతోనే పట్టుకుంటాయి.

పూచీ పడి విడిపించమని కుర్మయ్య చెవిఫోనులో అడిగితే, ఇంజనీరు కాంట్రాక్టరును అడగమన్నాడు. కాంట్రాక్టరు బీమావాళ్లను అడగమన్నాడు. వాళ్లు మళ్లీ ఇంజనీరు పేరే చెప్పారు. ఎండకు కుర్మయ్య నాలుక పిడచగట్టుకుపోయింది.

కింద ఇసుక జల్లిస్తున్న అతని భార్య మాసమ్మ ఇదంతా చెవిఫోనులో వింటూనే ఉంది.

"ఇగ చాలు. ఆయన పూచీ నాది," అంది.

కుర్మయ్య దిగొచ్చేసరికి ఆమె బెల్టు పక్కనున్న ఇనుప స్తంభానికి బిగిసి ఉంది.

"ఎందుకన్నవే?"

"నేను కిందనే ఉన్న గద. నువ్వు పోయి నీళ్లు తాగు."

కుర్మయ్య నోరు తెరిచాడు. మాసమ్మ ఇసుక అంటిన చేత్తో ఆ నోరు మూసింది.