సీత ఆగదు

“నేను బతికుండంగ ఈ ఇంట్లకెళ్లి సీత బయటికి పోదు” అన్నాడు రాయమల్లు.

“సీత ఆగదు బాపు” అన్నాడు కొడుకు బుచ్చిరాములు.

ఊళ్లో చిరుతల రామాయణం ఆడుతున్నారు. రజాకార్ల కాలంలో మూతబడ్డ ఆట. ఇన్నాళ్లకు ఈ ఎండాకాలం మళ్లీ చెక్క చిరుతలు చేతబట్టి, గజ్జెలు కట్టారు. ఇవాళ ఆఖరు రోజు. పొద్దువాలే వేళకు పట్టాభిషేకం.

ఆట మొదలైన నాటినుంచి ఊరంతా సీత ముచ్చటే. ముఖానికి అర్దళం రంగు పూసుకొని, కొంగు నెత్తిమీదికి లాక్కొని సీత పాట ఎత్తుకుంటే పోకిరి పిల్లలు కూడా నోరు మూసుకుంటున్నారు.

“ఏం కొడుకును గన్నవే రాయమల్లన్నా. అచ్చం ఆడిదే” అంటున్నారు ఎదురైనవాళ్లు.

ఆ మెప్పు రాయమల్లుకు చెప్పుతో కొట్టినట్టుంది. ఇంతవరకు ఆటవైపు తొంగికూడా చూడలేదు.

“రాముని వేషమో రావణుని వేషమో అయితే ఓర్సుకుందును. నీకు సీతనే దొరికిందారా? నలుగుట్ల తలెత్తుకుంటలేను.”

“ఒక్కసారి వచ్చి పాట ఇనరాదు బాపు.”

“మిరుగు కార్తె నెత్తిమీదికొచ్చె. వాన పడితే ఇత్తనం ఏడ ఏస్తవు? నా నెత్తిమీదనా? ఆటలట, పాటలట.”

“ఏ పని ఆగింది? దుక్కి నడుస్తనే ఉన్నది, పెంట మోసుడు నడుస్తనే ఉన్నది. పొద్దంత ఒళ్లు ఇరగ జేస్తున్నం. పొద్దుగూకంగ గా రెండు గడియలు మాయి. అవి గూడ నీకే ఇయ్యాల్నా?”

బుచ్చిరాములు తండ్రికి ఇంతమాట ఎదురు చెప్పడం ఇదే మొదలు. రాయమల్లు రుమాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

“ఇయ్యాల సీత గద్దె మీద కూసున్నదంటే నువ్వు నా కొడుకువు గాదు. ఎడ్లు లెవ్వు, చెల్క లేదు. పెండ్లాన్ని, పొల్లను తోల్కొని ఊరు దాటు.”

“దాటుతం. గని సీత ఆగదు.”

కోడలు యాదవ్వ ఇదంతా వింటూనే పిల్లకు పాలిచ్చి పడుకోబెట్టింది. కొంగు నడుముకు చుట్టి, పెంట మోసే గంప ఎత్తుకుంది.

“నువ్వన్న చెప్పరాదా వానికి?” అన్నాడు రాయమల్లు.

“నీ కొడుకు ఇయ్యాల గడప దాటడు మామా. నాది జిమ్మ” అని ఆమె తల వంచకుండానే మామ ముందునుంచి బయటికి నడిచింది.

ఆ హామీ ఆయనకు చాల్లేదు. కొడుకును లోపలే ఉంచి, తలుపు మూసి తాళం వేశాడు. అరుగు మీద కావలి కూర్చున్నాడు.

పొద్దు వాలింది. చిరుతల చప్పుడు మొదలైంది. వెంటనే పాట. సీత పాట.

రాయమల్లు దిగ్గున లేచాడు. పెంకులు తీసి కప్పులోంచి దూకిపోయాడనుకున్నాడు. ముల్లుకర్ర పట్టుకొని పరుగెత్తాడు.

జనాన్ని తోసుకొని ముందుకు వెళ్లాడు. రాముని పక్కన సీత. ముఖమంతా రంగు, నెత్తిన కిరీటం. ముల్లుకర్రతో వచ్చినవాణ్ణి చూసి రాముడే రెండడుగులు వెనక్కి వేశాడు. సీత కదల్లేదు. ఆయన కళ్లలోకి సూటిగా చూస్తూ గొంతు ఇంకాస్త పైకెత్తింది.

రాయమల్లు చెయ్యి గాలిలోనే ఆగింది. ఆ పాటలో ఏముందో, కాసేపు ఎందుకొచ్చాడో మరిచిపోయాడు.

ఆట నేర్పిన మల్లన్న వచ్చి ఆయన భుజం పట్టుకున్నాడు. “పట్టాభిషేకం నడుమ కొడ్తవా ఏందే? కూసో. నీ ఇంటి సీతను కండ్లనిండ సూడు.”

రాయమల్లు కూర్చోలేదు. అన్నమాట అన్నమాటే. కొడుకు బట్టలు వాకిట్లో పారేద్దామని ఇంటిదారి పట్టాడు.

ఇంటికి వేసిన తాళం వేసినట్టే ఉంది. కప్పు మీద ఒక్క పెంక కూడా కదల్లేదు. తాళం తీసి తలుపు నెట్టాడు.

లోపల బుచ్చిరాములు ఒళ్లో పిల్లను జోకొడుతున్నాడు. తండ్రిని చూసి పెదవుల మీద వేలు పెట్టుకున్నాడు.

“మెల్లగ బాపు, దీని తల్లి పట్టాభిషేకం అయి వచ్చేదాక పొల్లను లేపకు.”