పరుగుపిట్ట చిరునామా

పుస్తకం మూడోసారి తిరగేసినా కావలి మనిషికి తన పేరు కనబడలేదు.

అటవీ ఆఫీసు వరండాలో గుమాస్తా టీ గ్లాసు పక్కన పెట్టాడు.

"వెతికింది చాల్లే బావా, లేదు. నేనూ చూశాను. ఇంకో వింత చూడు," అంటూ చివరి పేజీలో ఉన్న పటం మీద వేలు పెట్టాడు. "పరుగుపిట్ట గూడు పడమటి కొండ కింద దొరికిందట!"

"పడమటి కొండా? అక్కడ బండరాళ్లు తప్ప ఏమున్నాయి? గూడు నా తూర్పు పొదల్లో కదా!"

"నన్నడిగితే నాకేం తెలుసు? అచ్చులో అలా ఉంది. పడమటి కావలివాడు అప్పుడే కాలరెగరేసుకుని తిరుగుతున్నాడు."

నలభై ఏళ్లుగా ఎవరి కంటా పడని పిట్ట అది. రెక్కలున్నా నేలమీదే పరిగెడుతుంది. పగలంతా ముళ్లపొద నీడలో మట్టిబెడ్డలా కదలకుండా కూర్చుంటుంది. దాన్ని వెతుక్కుంటూ నాలుగేళ్ల కిందట, ఈ పుస్తకం రాసిన డాక్టరమ్మ వచ్చింది. పిట్టల మీద చదివి డాక్టరైన పిల్ల. "మాత్రలివ్వని డాక్టరు" అని కావలి మనిషి భార్య ఆటపట్టించేది, కొసరి కొసరి అన్నం పెట్టేది.

పొదల మధ్య మట్టిని జల్లెడపట్టి మెత్తగా పరవడం, తెల్లారాక దానిమీద పడ్డ అడుగులు చదవడం అతని పని. కుందేలు, ముంగిస, నక్క, మళ్లీ కుందేలు. మూడేళ్లు అంతే. కిందటేడు ఒక ఉదయం మూడువేళ్ల అడుగులు కనబడ్డాయి. వాటి వెంట మోకాళ్లు చీరుకుపోయేలా పాకి గూడు కనిపెట్టింది అతనే. గూడంటే పుల్లా పుడకా ఏమీ లేవు. వట్టి నేలమీద మట్టిరంగు గుడ్లు రెండు. డాక్టరమ్మ అతని చేతులు పట్టుకుని ఏడ్చేసింది.

"ఇది నీ పిట్ట బాబాయ్. పుస్తకంలో మొట్టమొదటి పేరు నీదే," అంది.

ఈ ఏడూ పిట్ట అదే పొద కిందికి వచ్చింది. మళ్లీ రెండు గుడ్లు పెట్టింది. పుస్తకమూ వచ్చింది. పేరే రాలేదు.

అతను వరండాలోంచే ఫోన్ చేశాడు.

"పుస్తకం అప్పుడే మీకు చేరిందా?" డాక్టరమ్మ గొంతు తడబడింది. "ఫోన్లో వద్దు బాబాయ్. ఆదివారం నేనే వచ్చి చెప్తాను. అంతవరకూ ఎవరి దగ్గరా నోరు విప్పకు."

"విప్పితే నీ బండారం బయటపడుతుందనా?"

ఆమె జవాబు వినకుండానే అతనే పెట్టేశాడు.

"మన ఇంట్లో పిల్లలా తిరిగింది. అలా చేసిందంటే నాకు మనసొప్పడం లేదు," అంది భార్య అన్నం వడ్డిస్తూ.

"నీ మనసు ఒప్పుకోకపోతే అచ్చు చెరిగిపోతుందా?"

రెండు ముద్దలు తిని చెయ్యి కడిగేసుకున్నాడు. ఎవరో పరాయివాళ్లు చేసుంటే ఇంత బాధ ఉండేది కాదు. బాబాయ్, బాబాయ్ అంటూనే గొంతు కోసింది.

శనివారం మధ్యాహ్నం ఒక పెద్దమనిషి ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. నెత్తిన టోపీ, మెడలో కెమెరా.

"పది రోజులుగా పడమటి కొండంతా గాలించానండీ. పిట్ట కాదు కదా, దాని ఈక కూడా లేదు. అడవి గురించి అడిగితే అందరూ మీ పేరే చెప్పారు. మరి పుస్తకంలో మీ ప్రస్తావనే లేదే?"

కావలి మనిషి పెదవి కొరుక్కున్నాడు.

"మీలాంటివాళ్ల కష్టం ఎప్పుడూ ఇలాగే మరుగున పడిపోతుంది," అంటూ టోపీ మనిషి చిన్న నోట్‌బుక్ తీశాడు. "నేను రాస్తాను. మీ పేరు చెప్పండి. అలా కాదు, ఇంటిపేరుతో సహా."

ఒక్కొక్క అక్షరం అడిగి మరీ రాసుకుంటుంటే కావలి మనిషి కళ్లు చెమర్చాయి.

"పడమర కాదండీ," అన్నాడు లేస్తూ. "నాతో రండి."

టోపీ మనిషి గూడు దగ్గరికి కూడా వెళ్లలేదు. పది గజాల దూరం నుంచే ఒక్క ఫోటో తీసుకుని, దణ్ణం పెట్టి వెళ్లిపోయాడు. ఎంత మర్యాదస్తుడో అనుకున్నాడు కావలి మనిషి.

ఆదివారం పొద్దున్నే డాక్టరమ్మ బస్సు దిగింది. అతను బాగున్నావా అని కూడా అనలేదు.

"రా. నీ పడమటి కొండ ఎక్కడుందో చూపిస్తాను."

"బాబాయ్, ముందు నా మాట విను..."

"నడు."

పొద దగ్గర పరిచిన మట్టిమీద మూడువేళ్ల అడుగులు లేవు. బూటు గుర్తులున్నాయి, వెళ్లినవీ వచ్చినవీ. పొద కింద నేల ఖాళీగా ఉంది. అతను కొమ్మలు పక్కకి లాగి చూశాడు. ముళ్లు దిగినా చెయ్యి తీయలేదు.

డాక్టరమ్మ కూలబడిపోయింది. "ఎవరికి చూపించావు బాబాయ్?"

"ఒక పెద్దమనిషికి! నా పేరు అడిగి మరీ రాసుకున్నాడు. నువ్వు రాయలేదుగా! పేరు తీసేశావు, సరే. చోటెందుకు మార్చావు? నేను వెతికిన నేలను కూడా నాకు కాకుండా ఎందుకు చేశావు?"

ఆమె ఆ ఖాళీ నేలను అరచేత్తో నిమిరింది.

"నీ పేరు పట్టుకుని ఇటు రాకుండా గుడ్ల దొంగలు అటు పోతారని, బాబాయ్."