నాలుగో నియమం

"శనివారం దాకానే," అంది ప్రధానోపాధ్యాయురాలు, ఉత్తరాన్ని మడిచి బల్లమీద పెడుతూ. "పిల్లల సంఖ్య తగ్గింది. సైన్సు విభాగానికి సహాయకురాలి పోస్టు అక్కర్లేదని పైవాళ్ళు తేల్చేశారు."

ల్యాబ్ అక్క ఆ మడిచిన ఉత్తరం వంకే చూస్తూ నిలబడింది. పదకొండేళ్ళుగా ప్రయోగశాలను కనిపెట్టుకుని ఉన్న ఆమెను బడిలో అందరూ అలాగే పిలుస్తారు. మేడమీంచి పడి నడుం విరిగిన భర్త మూడేళ్ళుగా మంచానికే అతుక్కుపోయాడు. ఆ ఇంట్లో పొయ్యి వెలిగినా, మందుసీసా మూత తెరుచుకున్నా ఈ ఉద్యోగం పుణ్యమే.

పక్కన నిలబడ్డ సైన్సు విభాగాధిపతి మాత్రం ఊరుకోలేదు. "ఆవిడ లేకపోతే ల్యాబు నడవదు మేడమ్."

"నడిపేది మీరు కదా మాస్టారూ?"

"నేనొక్కణ్ణీ నడపలేను. కావాలంటే నన్ను ఇంకో బడికి పంపించెయ్యండి, ఆవిణ్ణి ఉంచండి."

తలుపు దగ్గర నిలబడ్డ ఫిజిక్స్ మాస్టారు నవ్వాడు. "కందకు లేని దురద కత్తిపీటకెందుకు సార్? ఆవిడే నోరెత్తడం లేదు!"

ప్రధానోపాధ్యాయురాలు ఉత్తరాన్ని మళ్ళీ చేతిలోకి తీసుకుంది. "సరే. రేపు మూడో పీరియడు ఆవిడ లేకుండా నడిపి చూపించండి. నేను వెనక కూర్చుంటాను. నడిస్తే పోస్టు పోతుంది. నడవకపోతే, ఉండి తీరాలని నేనే పైకి రాస్తాను."

విభాగాధిపతికి బడిలో రూల్సు మాస్టారని పేరు. ఆయన రాసి గోడకు అంటించిన నియమాలు ఏడు. ఏ ప్రయోగానికి ఏం కావాలో ఉపాధ్యాయులు గురువారంలోగా చీటీ ఇవ్వాలి. ఆమ్లాల బీరువాకు తాళాలు రెండు, తాళంచెవులు ఇద్దరి దగ్గర. అన్నిటిలోకీ నాలుగోది చిత్రమైనది: ప్రయోగంలో కనిపించిన రంగును సహాయకురాలు పైకి చెప్పాలి, ఉపాధ్యాయుడు రాసుకోవాలి. "చూసేవాళ్ళొకరు, రాసేవాళ్ళొకరు అయితేనే పక్షపాతం ఉండదు," అనేవాడాయన. ఆయన దిద్దిన పుస్తకాల్లో ఎర్రసిరా కనిపించదు; పిల్లలు జడుసుకుంటారట. గ్యాసు పెట్టెమీద చిన్న దీపం ఉంది. తెరిస్తే ఎర్రగా, కట్టేస్తే ఆకుపచ్చగా వెలుగుతుంది. సరిగ్గా దాని ఎదుట నిలబడి రోజూ సాయంత్రం అడిగేవాడు: "గ్యాసు కట్టేశావా అమ్మా?"

ఇంత చాదస్తుడి చేతిలో ప్రయోగం ఎలా తప్పుతుంది? ఆమెను దహించిన భయం అదే.

మర్నాడు పొద్దున సామాను సర్దుతూ ఆమె ఆగిపోయింది. ఒక్క బర్నరు గొట్టం కాస్త వదులు చేస్తే చాలు, పాఠం మధ్యలోనే ఆగిపోతుంది. గొట్టం మీద చేయి వేసింది. అంతలో ఆ బర్నరు ముందు నిలబడబోయేది ఎవరో తల్లి కన్న బిడ్డ అని గుర్తొచ్చింది. గట్టిగా బిగించేసింది. మంటను ఒకటి ఎర్రగా, ఒకటి ఆకుపచ్చగా మార్చే రెండు లవణాలను రెండు గిన్నెల్లో పోసి, ఒకటి, రెండు అని అంకెలు వేసి, ఏది ఏమిటో రాసిన కాగితాన్ని ప్రధానోపాధ్యాయురాలికి అప్పగించింది. తన గొయ్యి తానే ఇంత శుభ్రంగా తవ్వుకున్న మనిషి మరొకరు ఉండరనుకుంది.

మూడో పీరియడులో వసారా కిటికీ అవతల నిలబడి చూసింది. లోపల ముప్ఫైమంది పిల్లలు, ఒక్క మాస్టారు. ఒక చేత్తో గ్యాసు తిప్పుతూనే "జడ వెనక్కి వేసుకో తల్లీ!" అని కేకేస్తున్నాడు. మొదటి గిన్నెలోని లవణాన్ని తీగకు అద్ది బర్నరులో పెట్టాడు. మంట భగ్గున ఎర్రబడింది.

"ఏం రంగు? నువ్వు చెప్పు," అన్నాడు ముందు వరస పిల్లతో.

"పిల్లలు కాదు మాస్టారూ," అంది వెనకనుంచి ప్రధానోపాధ్యాయురాలు. "సహాయకురాలి పని ఇవాళ మీదే. మీరే చెప్పండి."

ఆయన మంటవంక చూశాడు. చాలాసేపు చూశాడు. తీగను మంటలో ఇటూ అటూ తిప్పాడు.

"ఆకుపచ్చ," అన్నాడు. "బేరియం."

గది గొల్లుమంది. "ఎరుపు సార్! అంత ఎర్రగా మండుతుంటేనూ!"

కిటికీ అవతల ల్యాబ్ అక్క ఊచల దగ్గరికి జరిగింది. పదకొండేళ్ళలో ఆయన నోట ఒక్క తప్పు విని ఎరగదు. చూస్తూ చూస్తూ ముప్ఫైమంది ముందు తలవంపులు తెచ్చుకున్నాడంటే కారణం ఒక్కటే. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ప్రధానోపాధ్యాయురాలు నవ్వలేదు. కలం మూత తీసింది. "గ్యాసు చూడాలి, పిల్లల్ని చూడాలి, పాఠం చెప్పాలి. మీ అంతటివారే తడబడ్డారంటే ఇది ఒక్కరి పని కాదు. పోస్టు ఉండాలని ఇవాళే రాస్తాను."

సాయంత్రం బడి ఖాళీ అయ్యాక ఆమె ప్రయోగశాలలోకి వెళ్ళింది. ఆయన గ్యాసు పెట్టె ఎదుట ఒంటరిగా నిలబడి ఉన్నాడు.

"మీ ఇరవై ఏళ్ళ పేరు నాకోసం మంటలో పడేశారు కదా సార్," అంది కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ. "నా ఇల్లు నిలబెట్టారు. ఈ జన్మకి మీ రుణం తీరదు."

"నీ కోసమని ఎవరన్నారమ్మా?"

"కావాలని తప్పు చెప్పారు. నాకు తెలియదా సార్?"

ఆయన దీపం వంక చూశాడు. అలవాటు ప్రకారం అడిగాడు. "గ్యాసు కట్టేశావా?"

ఆమె కన్నీళ్ళ మధ్యే నవ్వింది. "ఎదురుగా దీపం వెలుగుతుంటే ఇంకా నన్ను అడుగుతారేంటి సార్?"

ఆయన గోడమీది నాలుగో నియమం వంక చూసి, తల దించుకున్నాడు.

"ఎరుపైనా ఆకుపచ్చైనా నాకు ఒకటేనమ్మా."