ఎర్రబడని బిళ్ళ

తనకు తెలియకుండానే కొడుకు ఊపిరితిత్తుల్లోని కణాలు చెడిపోతాయేమోనన్నదే స్వరూపకున్న పెద్ద భయం. వైరస్ జ్వరం తగిలిన తలసేమియా అనే రక్తపు జబ్బున్న పిల్లలందరి ఛాతీకీ ఇప్పుడో బిళ్ళ అంటిస్తున్నారు. లోపల కణాలు బాగుంటే ఆకుపచ్చగా, చెడుతుంటే ఎర్రగా వెలుగుతుంది. పొద్దున కొడుకు బన్నీ బిళ్ళ ఎర్రబడితే నర్సు పరుగున వచ్చి మందు పీల్పించి వెళ్లింది. పక్కింటి ఉమ కూతురు లాస్యకూ అదే జబ్బు, అదే జ్వరం. దాని బిళ్ళ మాత్రం లేత అరిటాకులా మెరుస్తూనే ఉంది. స్వరూపకు కడుపు మండిపోయింది.

"ఏం పెడుతున్నవక్కా దానికి? మాకు చెప్తే అరిగిపోతవా?" అంది పిట్టగోడ మీంచి.

"నీ కండ్లు పడకుండ చూసుకుంటున్న, అంతే!" అంటూ ఉమ చంకలోని పిల్ల గౌను సర్దింది.

ఆలోపే స్వరూప చూసేసింది. బిళ్ళ కింద అరచేయంత కాటుక. తన దిష్టికి భయపడి పూసిన కాటుక. కింద ఏం పూసినా బిళ్ళ గుడ్డిదైపోయి ఆకుపచ్చగానే ఉంటుందని నర్సు మరీ మరీ చెప్పింది.

"అక్కా, కాటుక తుడువు! బిళ్ళకు లోపలేం కనపడతలేదు!"

"ఎర్రగైతే చూసి సంబరపడదామనా?" ఉమ తలుపేసుకుంది.

స్వరూప పిట్టగోడ దాటి వెళ్లి ఎంత బాదినా తలుపు తెరుచుకోలేదు. లోపల పిల్ల ఎగశ్వాస వినిపిస్తూనే ఉంది. అయ్యా, అమ్మా, ఈమె మాట ఆమె నమ్మదు. మీరెవరైనా ఒక్కసారి వెళ్లి లాస్యను చూడండి.